రెడ్ క్లోవర్ మాత్రలు: మీకూ మీ అక్కగారికీ ఒకే సమాధానం కాదు

ప్రశ్న: నా వయసు 51. నెలసరి ఆగిపోయి ఏడాదిన్నర దాటింది. రోజుకు ఏడెనిమిది సార్లు ఒంట్లోంచి వేడి ఆవిర్లు వస్తున్నాయి. రాత్రిళ్లు చెమటతో మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. పొద్దున్నే చిరాకు. వేరే జబ్బులేమీ లేవు, మందులేమీ వాడను. నా స్నేహితురాలు రెడ్ క్లోవర్ మాత్రలు వాడితే నెలలోనే తగ్గిందట. డబ్బా మీద ‘శాస్త్రీయంగా రుజువైంది’ అని కూడా ఉంది. ఎముకలకు మంచిదని అంటున్నారు. మా అక్కకు మూడేళ్ల కిందట రొమ్ము కేన్సర్ ఆపరేషన్ అయింది. టామోక్సిఫెన్ వాడుతోంది. తనకూ ఇదే బాధ. ఇద్దరం కలిసి మొదలుపెడదామనుకుంటున్నాం. ఇంటర్నెట్‌లో ఒకరు అద్భుతం అంటారు, ఒకరు కేన్సర్ తెస్తుందంటారు, ఇంకొకరు అది పశువుల మేత అంటారు. చదివిన కొద్దీ టెన్షన్ పెరుగుతోంది. అసలు ఇదేం మొక్క? మొక్కే కదా, వాడితే నష్టమేమిటి?
– పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: ముందు మీ అక్కగారి సంగతి. ఆవిడ ఈ మాత్రలు మొదలుపెట్టకూడదు. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఆపేసి, ఆ విషయం తన కేన్సర్ డాక్టరుకు చెప్పాలి.

కారణం ఇది. చాలా రొమ్ము కేన్సర్లలో కణాలకు ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ అందితే అవి పెరుగుతాయి. టామోక్సిఫెన్ ఆ కణాల్లో ఈస్ట్రోజెన్ అంటుకునే చోటును తాను ఆక్రమించి, దాన్ని దగ్గరికి రానివ్వదు. రెడ్ క్లోవర్‌లో ఉన్న పదార్థాలు కూడా సరిగ్గా ఆ చోటికే వెళ్తాయి. వాటిలో ఒకటైన జెనిస్టీన్‌ను ఎలుకల మీద పరీక్షించి 2002లో ఫలితాలు ప్రచురించారు. రొమ్ము కేన్సర్ కణాలు ఎక్కించిన ఎలుకలకు టామోక్సిఫెన్‌తో పాటు జెనిస్టీన్ కూడా పెడితే, గడ్డను అదుపులో ఉంచే శక్తి టామోక్సిఫెన్‌కు తగ్గిపోయింది. ఎలుకల్లో జరిగినదంతా మనుషుల్లో జరగాలని లేదు. సోయా ఆహారం తినే రొమ్ము కేన్సర్ రోగులను గమనించిన పెద్ద అధ్యయనాల్లో కీడు కనిపించలేదు కూడా. కానీ భోజనంలో తినే సోయా వేరు, సారం తీసి మాత్రలో కూరిన మోతాదు వేరు. ప్రాణం కాపాడుతున్న మందు పనిని కొంచెమైనా దెబ్బతీసే అవకాశం ఒకవైపు ఉండి, రెండో వైపు లాభం అంతంతమాత్రమే అయినప్పుడు ఆ మాత్ర జోలికి వెళ్లకపోవడమే సరైనది.

అలాగని ఆవిడ బాధను ఓర్చుకుంటూ కూర్చోనక్కర్లేదు. టామోక్సిఫెన్ వాడేవాళ్లలో వేడి ఆవిర్లు మామూలే, డాక్టర్లకు ఈ సమస్య బాగా తెలుసు. హార్మోన్ కాని మందులు ఉన్నాయి. వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ వంటివి వాటిలో ఎక్కువగా వాడేవి. ఒక్క జాగ్రత్త మాత్రం గుర్తుంచుకోమనండి. ఆవిర్లకు ఇచ్చే పారాక్సెటిన్ అనే మందు, కాలేయంలో టామోక్సిఫెన్‌ను చురుకైన రూపంలోకి మార్చే ఎంజైమును అడ్డుకుంటుంది. కాబట్టి ఎవరు ఏ మందు రాసినా ‘నేను టామోక్సిఫెన్ మీద ఉన్నాను’ అని చెప్పాలి. ఆవిర్లు భరించలేక టామోక్సిఫెన్‌ను సొంతంగా ఆపేసేవాళ్లూ ఉన్నారు. మీ అక్కగారికి ఎప్పుడైనా ఆ ఆలోచన వస్తే దయచేసి మీరు పక్కన ఉండి ఆపండి.

ఇక మీ విషయం. పశువుల మేత అన్నవాళ్లు తప్పు చెప్పలేదు. రెడ్ క్లోవర్ చిక్కుడు కుటుంబానికి చెందిన మొక్క. శాస్త్రీయ నామం ట్రైఫోలియం ప్రాటెన్స్. మూడేసి ఆకులు, గులాబీ ఊదా కలిసిన గుండ్రటి పూల గుత్తులు. పశుగ్రాసంగా వేసే బర్సీం దీనికి దగ్గరి చుట్టమే. యూరప్, పశ్చిమాసియా దీని పుట్టినిల్లు. అక్కడి రైతులు శతాబ్దాలుగా దీన్ని పండించడానికి మేత ఒక కారణం, నేల ఇంకో కారణం. దీని వేర్ల మీది బుడిపెల్లో బాక్టీరియా కాపురం ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చే రూపంలోకి మారుస్తుంది. బాగా పెరిగిన చేలో ఏడాదికి హెక్టారుకు 100 నుంచి 200 కిలోలకు పైగా నత్రజని ఇలా చేరుతుంది. రెడ్ క్లోవర్ ఉపయోగాల్లో శాస్త్రవేత్తలందరూ ఒక్కమాట మీద ఉన్నది నిజానికి ఈ ఒక్కదాంట్లోనే.

ఈ మొక్క మీద ఆసక్తి చూపినవాళ్లలో చార్లెస్ డార్విన్ కూడా ఉన్నారు. తేనెటీగలు వాలనిచ్చిన 100 పూగుత్తుల నుంచి ఆయనకు 2,700 గింజలు వచ్చాయి. తెర కప్పి ఈగ వాలకుండా చేసిన మరో 100 గుత్తుల నుంచి ఒక్క గింజా రాలేదు. పోలిక కోసం రెండో గుంపు పెట్టుకోవడం ఎంత అవసరమో ఆ ప్రయోగంలోనే ఉంది. మీరు అడిగిన మాత్రల విషయంలోనూ అంతా ఆ పోలిక దగ్గరే తేలుతుంది. అక్కడికి వస్తాను.

మేతగడ్డికి ఆడవాళ్ల మాత్రలతో సంబంధం ఎలా కుదిరిందంటే, దారి చూపింది గొర్రెలు. 1940ల మొదట్లో పశ్చిమ ఆస్ట్రేలియాలో మందలకు మందలు చూలు కట్టడం మానేశాయి. కట్టినా ఈతలో కష్టాలు, పిల్లలు దక్కకపోవడం. బెన్నెట్స్, అండర్‌వుడ్, షియర్ అనే శాస్త్రవేత్తలు 1946లో దీని గురించి రాస్తూ, గొర్రెలు మేసిన క్లోవర్ దీనికి కారణమని చూపించారు. అది రెడ్ క్లోవర్ కాదు, దాని సోదర జాతి సబ్‌టెరేనియన్ క్లోవర్. అందులోని ఫార్మోనోనెటిన్ అనే పదార్థం గొర్రె పొట్టలో మారి మారి చివరకు ఈక్వాల్ అవుతుందని, అది గొర్రె ఒంట్లో ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుందని తర్వాత తేలింది. రెడ్ క్లోవర్‌లోనూ ఫార్మోనోనెటిన్ దండిగా ఉంటుంది. అందుకే న్యూజిలాండ్‌లో అది తక్కువగా ఉండే రెడ్ క్లోవర్ రకాన్ని ప్రత్యేకంగా ఎంపిక చేసి పెంచారు.

గొర్రెలు ఈ పదార్థాలను రోజుకు గ్రాముల లెక్కన తింటాయి, మాత్రల్లో ఉండేది మిల్లీగ్రాములు. కాబట్టి గొర్రెలకు జరిగింది మీకు జరుగుతుందని భయపడనక్కర్లేదు. నేను ఆ కథ చెప్పింది మీ చివరి ప్రశ్న కోసం. ‘మొక్కే కదా’ అనే మాట ఇక్కడ చెల్లదు. ఒంట్లో హార్మోన్ల చోటికి వెళ్లి పనిచేసే పదార్థం ఉన్న మొక్క ఇది. మందుకు ఇచ్చే మర్యాద దీనికీ ఇవ్వాలి.

ఈస్ట్రోజెన్‌ను పోలిన ఈ పదార్థాలను ఐసోఫ్లేవోన్లు అంటారు. రెడ్ క్లోవర్‌లో అవి ముఖ్యంగా నాలుగు ఉంటాయి. బయోకానిన్ ఎ, ఫార్మోనోనెటిన్ అనేవి ఎక్కువ. జెనిస్టీన్, డయాడ్జీన్ కొద్దిగా. మనం మింగాక బయోకానిన్ ఎ జెనిస్టీన్‌గా, ఫార్మోనోనెటిన్ డయాడ్జీన్‌గా మారతాయి. సోయాలో ఉండేవి కూడా ఈ చివరి రెండే. డయాడ్జీన్‌ను ఈక్వాల్‌గా మార్చేది పేగుల్లోని బాక్టీరియా. ఆ బాక్టీరియా అందరిలో ఉండదు. సుమారు మూడోవంతు నుంచి సగం మందిలోనే ఈక్వాల్ తయారవుతుంది. ఒకే మాత్ర ఇద్దరిలో వేర్వేరుగా పనిచేయడానికి ఇది ఒక కారణం కావచ్చని పరిశోధకుల ఆలోచన.

ఈస్ట్రోజెన్‌ను తాళంచెవి అనుకుంటే, కణాల్లో దానికి రెండు రకాల తాళాలున్నాయి. ఆల్ఫా, బీటా. బీటా ఉందని 1996లో మాత్రమే తెలిసింది. ఐసోఫ్లేవోన్లు రెండింటిలోనూ దూరతాయి కానీ బీటాలో మెరుగ్గా పడతాయి, అదీ అసలు తాళంచెవి తిరిగినంత బలంగా కాదు. రొమ్ము, గర్భాశయం పెరుగుదలలో ఆల్ఫాది పెద్ద చెయ్యి. కనుక బీటా వైపు మొగ్గే పదార్థం ఆవిర్లను తగ్గించి, రొమ్ముకు, గర్భాశయానికి హాని చేయకుండా ఉంటుందేమో అన్న ఆశతో 1990ల నుంచి మనుషుల మీద పరీక్షలు మొదలయ్యాయి. ఆశ అర్థంలేనిది కాదు. ఫలితం ఏమొచ్చిందన్నదే ప్రశ్న.

ఎక్కువమంది ప్రస్తావించే పరీక్ష 2003లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. 45 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న 252 మంది స్త్రీలు అందులో పాల్గొన్నారు. వారానికి కనీసం 35 ఆవిర్లు వచ్చేవాళ్లనే తీసుకున్నారు, అంటే మీలాంటివాళ్లనే. వాళ్లను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు రోజుకు 82 మిల్లీగ్రాముల ఐసోఫ్లేవోన్లు ఉన్న ప్రొమెన్సిల్, రెండో గుంపుకు 57 మిల్లీగ్రాముల రిమోస్టిల్, మూడో గుంపుకు చూడ్డానికి అలాగే ఉండి లోపల మందేమీ లేని మాత్ర, అంటే ప్లాసిబో. ఎవరికి ఏది అందిందో వాళ్లకూ తెలియదు, ఇచ్చేవాళ్లకూ తెలియదు. 12 వారాల తర్వాత లెక్క చూస్తే, రోజుకు సగటున మొదటి గుంపులో 5.1 ఆవిర్లు తగ్గాయి. రెండో గుంపులో 5.4. మందేమీ లేని గుంపులో 5.0.

ఆ మూడో అంకెను ఒకసారి నిదానంగా చూడండి. మొదటి రెండు గుంపులను మాత్రమే చూపిస్తే ‘రోజుకు ఐదు ఆవిర్లు తగ్గించే మాత్ర’ అని డబ్బా మీద రాసుకోవచ్చు, అది అబద్ధం కూడా కాదు. మూడో గుంపుతో పోల్చగానే మాత్రకు దక్కే వాటా దాదాపు కరిగిపోతుంది. ప్రొమెన్సిల్ వాడినవాళ్లలో ఆవిర్లు కాస్త త్వరగా తగ్గాయన్నది మాత్రం ఆ పరీక్షలో కనిపించింది. చివరికి అందరూ చేరింది ఒక్కచోటికే.

మందు లేకుండానే ఐదు ఆవిర్లు ఎలా తగ్గాయి? వాళ్లు నటించలేదు. వేడి ఆవిర్లు స్వభావరీత్యా పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. మనిషి వైద్యం వెతుక్కునేది బాధ బాగా ముదిరిన రోజుల్లో. ఆ తర్వాత ఏం వాడినా వాడకపోయినా కొంత తగ్గే అవకాశమే ఎక్కువ. దానికి తోడు ఎవరో పట్టించుకుంటున్నారన్న ధైర్యం, తగ్గుతుందన్న నమ్మకం, రోజూ లెక్క రాసుకోవడం, ఇవన్నీ ఆవిర్లు మనకు అనిపించే తీరు మీద, నిద్ర మీద నిజంగానే ప్రభావం చూపగలవు. మీ స్నేహితురాలికి నెలలో తగ్గిన మాట నిజమే అయివుంటుంది. ఆమె అనుభవాన్ని నేను కాదనడం లేదు. అది మాత్ర వల్లే తగ్గిందా అన్నది ఆమె ఒక్కరి అనుభవంతో తేలదు, అంతే. అందుకే పోలికకు రెండో గుంపు కావాలి.

2009లో వచ్చిన మరో పరీక్ష చిన్నదే, 89 మంది స్త్రీలు. కానీ ఏడాది పాటు సాగింది. పైగా అందులో అసలు హార్మోన్ చికిత్సతో కూడా పోల్చి చూశారు. ఏడాది చివర రెడ్ క్లోవర్ గుంపులో ఆవిర్లు 57 శాతం తగ్గాయి. బ్లాక్ కోహాష్ అనే మరో మూలిక గుంపులో 34 శాతం. ప్లాసిబోలో 63 శాతం. హార్మోన్ చికిత్సలో 94 శాతం. ప్లాసిబో కన్నా స్పష్టంగా మెరుగు అనిపించుకున్నది హార్మోన్ ఒక్కటే. ‘57 శాతం తగ్గింది’ అన్న ముక్క విడిగా వింటే ఎవరికైనా ఆశ పుడుతుంది కదా!

ఒక వైపే చెబితే అన్యాయం అవుతుంది. రెడ్ క్లోవర్ వైపు మొగ్గిన పరీక్షలూ ఉన్నాయి. 2002లో నెదర్లాండ్స్‌లో 30 మంది మీద చేసినదాంట్లో 80 మిల్లీగ్రాములకు ఆవిర్లు 44 శాతం తగ్గాయి. ఈ పరీక్షలన్నీ ఒకచోట చేర్చి తూచే ప్రయత్నాలు జరిగాయి. కాక్రేన్ సంస్థ 2013లో మొక్కల ఈస్ట్రోజెన్ల మీద 43 పరీక్షలు, 4,364 మంది స్త్రీల సమాచారం పరిశీలించింది. ప్రొమెన్సిల్ మీద జరిగిన ఐదు పరీక్షలను కలిపి చూసినా ప్లాసిబోకూ దానికీ నమ్మదగ్గ తేడా తేలలేదని చెప్పింది. 2021లో పోలెండ్ పరిశోధకులు రెడ్ క్లోవర్ పరీక్షలను మళ్లీ కలిపి చూసి, ప్లాసిబో కన్నా రోజుకు సగటున 1.73 ఆవిర్లు ఎక్కువగా తగ్గుతున్నాయని లెక్కగట్టారు. రోజుకు ఐదు, ఆపైన ఆవిర్లు ఉన్నవాళ్లలో, 80 మిల్లీగ్రాములు, ఆపైన మోతాదులో ఫలితం మెరుగ్గా ఉందన్నారు. అయితే ఆ పరీక్షలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి కనుక, ఆ సగటు అంకె మీద ఎక్కువ బరువు మోపలేం.

ఇవన్నీ చదివాక నాకు కుదిరిన అభిప్రాయం: రెడ్ క్లోవర్ వల్ల మేలు ఉంటే అది రోజుకు ఒకటి రెండు ఆవిర్ల మేరకు, అదీ కొందరికి. మీ స్నేహితురాలు చెప్పినంత మార్పు మాత్ర ఒక్కదాని వల్లే వస్తుందని ఎదురుచూడకండి. డబ్బా మీది ‘రుజువైంది’ అన్న మాటను నేను ఒప్పుకోను. ‘పరీక్షించారు’ అని రాసుకుంటే అభ్యంతరం లేదు.

ఎముకల గురించి అడిగారు. ఇక్కడ ఆధారాలు తక్కువే అయినా కొంచెం ఆసక్తికరంగా ఉన్నాయి. 2004లో ఇంగ్లండ్‌లో 205 మంది స్త్రీలకు ఏడాది పాటు రోజుకు 43.5 మిల్లీగ్రాముల రెడ్ క్లోవర్ ఐసోఫ్లేవోన్లు లేదా ప్లాసిబో ఇచ్చారు. నడుం దగ్గరి వెన్నెముకలో ఎముక అరుగుదల మాత్ర వాడినవాళ్లలో తక్కువగా కనిపించింది. తుంటి ఎముకలో తేడా లేదు. 2017లో డెన్మార్క్‌లో, అప్పటికే ఎముకలు పలచబడ్డ 78 మంది స్త్రీలకు పులియబెట్టిన రెడ్ క్లోవర్ సారం ఏడాది ఇచ్చి చూస్తే ఎముక అరుగుదల నెమ్మదించింది. వాళ్లకు కాల్షియం, మెగ్నీషియం, విటమిన్ డి కూడా ఇచ్చారు, ప్లాసిబో గుంపుకు కూడా అవన్నీ ఇచ్చారు కాబట్టి పోలిక సరైనదే. అయినా స్కాన్‌లో అంకె మెరుగవడం వేరు, ఎముక విరగకుండా ఉండటం వేరు. రెండోదాన్ని తేల్చాలంటే వేలమందిని ఏళ్ల తరబడి చూడాలి. రెడ్ క్లోవర్ మీద అంత పెద్ద పరీక్ష జరగలేదు. ఎముకల కోసమే ఈ మాత్ర వాడమని నేను చెప్పను. మీ ఎముకల సాంద్రత పరీక్ష చేయించాలా వద్దా అన్నది డాక్టరును అడగండి. ఒంటి బరువు మోసే వ్యాయామం ఎలాగూ మంచిదే, అది నిద్రకూ సాయపడుతుంది.

కేన్సర్ తెస్తుందన్న భయం. మీ అక్కగారికి వచ్చింది కనుక ఇది మీకు ఊరికే పుట్టిన భయం కాదు. పైన చెప్పిన ఇంగ్లండ్ పరీక్షలోనే మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీసి, కేన్సర్ ముప్పుకు సూచనగా చూసే రొమ్ము సాంద్రతను కూడా చూశారు. ఏడాదిలో అది పెరగలేదు. రొమ్ము కేన్సర్ కుటుంబ చరిత్ర ఉన్న 401 మంది స్త్రీలకు మూడేళ్ల పాటు రోజుకు 40 మిల్లీగ్రాములు ఇచ్చి చూసిన పరీక్ష 2008లో వచ్చింది. అందులోనూ రొమ్ము సాంద్రత మీద గానీ, గర్భాశయం లోపొర మీద గానీ చెడు ప్రభావం కనిపించలేదు. యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ 2015లో ఐసోఫ్లేవోన్ మాత్రల మీద వచ్చిన అధ్యయనాలన్నీ పరిశీలించి, నెలసరి ఆగిన స్త్రీలలో రొమ్ము, గర్భాశయం, థైరాయిడ్ మీద హాని చేస్తున్న ఆధారం దొరకలేదని చెప్పింది. అది చూసిన మోతాదు రోజుకు 35 నుంచి 150 మిల్లీగ్రాములు. ఇవన్నీ కొన్ని నెలల నుంచి రెండు మూడేళ్ల వరకు వాడినవాళ్ల మీద వచ్చిన ఫలితాలు. పదేళ్లు వాడొచ్చు అనడానికి ఇవి చాలవు. ఇప్పటికే కేన్సర్ వచ్చినవాళ్లకు వీటిని అన్వయించకూడదు, అందుకే మీ అక్కగారికి వద్దన్నాను.

కేన్సర్‌ను తగ్గిస్తుందన్న ప్రచారం కూడా మీ కంటపడే ఉంటుంది, అది ఇంకా ప్రమాదకరం. అమెరికాలో హాక్సీ అనే ఆయన అమ్మిన ‘కేన్సర్ టానిక్’లో రెడ్ క్లోవర్ ఒక దినుసు. అది కేన్సర్‌ను తగ్గిస్తుందనడానికి ఏ ఆధారమూ లేక అక్కడి ప్రభుత్వం 1960లో దాని అమ్మకాన్ని నిషేధించింది. దగ్గుకు, చర్మానికి, రక్తశుద్ధికి అని చెప్పేవాటి వెనుక వాడుక ఉంది గానీ మంచి పరీక్షలు లేవు.

రక్తం పలచబరిచే మందులు వాడే పాఠకులు ఇది చదువుతుంటే, వాళ్లకోసం ఒక మాట. క్లోవర్ రక్తాన్ని పలచబరుస్తుందన్న మాటకు మూలం వేరే మొక్క. 1920లలో కెనడాలో, అమెరికా ఉత్తర మైదానాల్లో బూజు పట్టిన స్వీట్ క్లోవర్ ఎండుగడ్డి తిన్న పశువులు రక్తస్రావంతో చనిపోయాయి. ఆ బూజుగడ్డి నుంచి విస్కాన్సిన్‌లో కార్ల్ పాల్ లింక్ బృందం రక్తాన్ని గడ్డకట్టనివ్వని డైకుమరాల్‌ను వేరు చేసింది, ఆ దారిలోనే తర్వాత రక్తం పలచబరిచే మందు వార్ఫరిన్ వచ్చింది. స్వీట్ క్లోవర్, రెడ్ క్లోవర్ ఒకటి కావు. అయినా వార్ఫరిన్ లాంటి మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఈ మాత్రలు వేసుకోవద్దు. కీళ్లవాతం, సోరియాసిస్ లాంటివాటికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వాడుతూ రెడ్ క్లోవర్ మొదలుపెట్టిన ఒకామెకు మెథోట్రెక్సేట్ విషప్రభావాన్ని పోలిన లక్షణాలు వచ్చినట్టు వైద్య పత్రికలో నమోదైంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, హార్మోన్ మాత్రలు వాడేవాళ్లు, ఈస్ట్రోజెన్‌తో ముడిపడ్డ ఏ జబ్బు ఉన్నవాళ్లయినా దూరంగా ఉండాలి.

మరి మీరేం చేయాలి? నన్నడిగితే మొదట గైనకాలజిస్ట్ దగ్గరకు వెళ్లమంటాను. నెలసరి ఆగాక ఆవిర్లు కొన్నాళ్లకు వాటంతట అవే పోతాయని ఓర్చుకునేవాళ్లు చాలామంది. అమెరికాలో స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన పెద్ద అధ్యయనంలో, తరచుగా ఆవిర్లు వచ్చేవాళ్లలో అవి కొనసాగిన కాలం సగం మందిలో ఏడేళ్లకు మించింది. అన్నేళ్లు నిద్ర లేకుండా గడపాల్సిన అవసరం ఎవరికీ లేదు. మీ వయసులో, నెలసరి ఆగి పదేళ్లు దాటనివాళ్లలో హార్మోన్ చికిత్స అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. అయితే మీ అక్కగారి చరిత్ర వల్ల అది మీకు సరిపోతుందా లేదా అన్నది డాక్టరు మీ సొంత రిస్క్ లెక్కవేసి చెప్పాలి. అక్కకు వచ్చినంత మాత్రాన మీకు హార్మోన్ పనికిరాదని తీర్మానించుకోకండి. వద్దనుకుంటే హార్మోన్ కాని దారులున్నాయి. ఉత్తర అమెరికా మెనోపాజ్ సంఘం 2023లో ఆధారాలన్నీ చూసి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని (ఆలోచనల తీరును మార్చే మాటల చికిత్స), క్లినికల్ హిప్నోసిస్‌ను, కొన్ని డిప్రెషన్ మందుల తక్కువ మోతాదును, గాబాపెంటిన్‌ను, ఫెజోలినెటాంట్ అనే కొత్త మందును సిఫార్సు చేసింది. మూలికా మాత్రలను సిఫార్సు చేయలేదు. ఫెజోలినెటాంట్ వాడేవాళ్లకు కాలేయ పరీక్షలు తప్పనిసరి.

ఇంత చెప్పినా రెడ్ క్లోవర్ ఒకసారి వాడి చూడాలని మీకుంటే, డాక్టరుకు చెప్పి వాడండి, నేను కోప్పడను. మీకు వేరే జబ్బులు, మందులు లేవు కాబట్టి కొద్ది నెలల వాడకంలో పెద్ద ప్రమాదం కనిపించదు. కానీ ఒక పద్ధతిలో చేయండి. మాత్ర మొదలుపెట్టడానికి ముందే రెండు వారాలు రోజుకు ఎన్ని ఆవిర్లు వస్తున్నాయో, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో రాసుకోండి. రాయకపోతే, తర్వాత తగ్గిందో లేదో జ్ఞాపకం మీద ఆధారపడాలి, అది నమ్మదగ్గది కాదు. డబ్బా మీద ‘రెడ్ క్లోవర్ 500 మిల్లీగ్రాములు’ అని మాత్రమే ఉంటే అది పొడి లేదా సారం మొత్తం బరువు, దానివల్ల ఏమీ తెలియదు. ఐసోఫ్లేవోన్లు ఎన్ని మిల్లీగ్రాములో విడిగా రాసి ఉండాలి. పరీక్షల్లో ఎక్కువగా వాడినది రోజుకు 40 నుంచి 80 మిల్లీగ్రాములు. ఎండు పూలతో కాచుకునే టీ ఈ లెక్కలోకి రాదు. ఐసోఫ్లేవోన్లు ఆకుల్లో ఎక్కువ, పూలలో తక్కువ. 12 వారాలు చూడండి. రాసుకున్న లెక్కలో చెప్పుకోదగ్గ తేడా లేకపోతే ఆపేయండి, ఇంకో నెల చూద్దామని సాగదీయకండి. ఆపరేషన్ ఏదైనా నిర్ణయమైతే ఈ మాత్ర సంగతి ముందే చెప్పండి.

మాత్ర వాడినా వాడకపోయినా ఒక్క విషయం. నెలసరి ఏడాది పాటు ఆగాక మళ్లీ రక్తం కనిపిస్తే, అది ఒక్క చుక్కయినా, మాత్ర వల్ల అయివుంటుందిలే అనుకోకుండా ఆ వారంలోనే డాక్టరుకు చూపించుకోండి. మీ అక్కగారికి కూడా ఇది చెప్పండి. టామోక్సిఫెన్ గర్భాశయం లోపొరను మందంగా చేయగలదు కాబట్టి ఆవిడ విషయంలో ఇది ఇంకా ముఖ్యం.